ఆదివారం జింకకి సెలవు

మా ఇంట్లో ఆదివారం అంటే మాంసం. ఇంకో మాట లేదు. శనివారం వెంకటేశ్వరస్వామిది, సోమవారం శివుడిది, గురువారం సాయిబాబాది అని అమ్మ తర్వాత ఎప్పుడో కలిపింది, మిగిలిన రోజుల్లో డబ్బులుండవు, కాబట్టి ఆదివారం పొద్దున్నే నాన్న స్టీలు గిన్నె పట్టుకుని మస్తాన్ కొట్టు ముందు క్యూలో నిలబడేవాడు. యాభై దాటిన ఈ వయసులో కూడా ఆదివారం పదకొండు గంటలకి ముక్కుకి అల్లం వెల్లుల్లి వాసన తగలకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది నాకు.

అలాంటివాడిని తీసుకొచ్చి దేవుడు ఎక్కడ పడేశాడంటే, అప్పట్లో ఆదివారం వేట నేరం అయిన రాష్ట్రంలో.

పెన్సిల్వేనియా గురించి చెప్తున్నాను. 2005 ఆగస్టులో వచ్చాం, హారిస్‌బర్గ్ పక్కన మెకానిక్స్‌బర్గ్. మనవాళ్లు ఈ ఊరి పేరు వినగానే మెకానిక్ షెడ్లు గుర్తుతెచ్చుకుని నవ్వుతారు, నేనూ నవ్వాను. వచ్చిన మూడో వారం కారు కొందామని ఆదివారం ఫ్రెండ్‌ని బతిమాలి బయల్దేరదీస్తే, షోరూములన్నీ గొళ్లేలు పెట్టి ఉన్నాయి. ఎవరైనా పెద్ద నాయకుడు పోయాడేమో అనుకున్నాం. ఇక్కడ ఆదివారం కార్లు అమ్మకూడదట, చట్టం, ఇప్పటికీ ఉంది. ఆదివారం దేవుడిది, ఆ రోజు లావాదేవీలు, వినోదాలు వద్దని పాతకాలంలో రాసిన చట్టాల్లో మిగిలిపోయిన తోక అన్నమాట. 1930ల దాకా ఈ రాష్ట్రంలో ఆదివారం బేస్‌బాల్ మ్యాచ్ కూడా ఆడనిచ్చేవాళ్లు కాదు. ఒక్కొక్కటే పోయాయి, రెండు మూడు మాత్రం మొండిగా నిలబడ్డాయి. అందులో ఒకటి కారు, ఇంకొకటి వేట. వేట నిషేధం 1873 నాటిది.

ఇందులో నాకు భలే నచ్చిన ముక్క ఒకటుంది. అప్పట్లో ఆదివారం నక్కని కొట్టొచ్చు, కయోటీ అనే తోడేలు లాంటి జంతువుని కొట్టొచ్చు, కాకిని కూడా కొట్టొచ్చు. జింకని కొట్టకూడదు. అంటే ఆదివారం పుణ్యం కాకికి వర్తించదు. పాపం కాకి ఏ దేశంలో ఉన్నా దాని బతుకు అంతే.

అసలు ఇవన్నీ నాకు పట్టించిన మనిషి మా పక్కింటి పెద్దాయన. 2008లో ఇల్లు కొనుక్కుని చేరాక పరిచయం. స్టీల్టన్ ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లకి పైగా చేసి రిటైరయ్యాడు. ఆరడుగుల మనిషి, ఎడమ చేతి చిటికెన వేలు సగమే ఉండేది, ఆ సగం వేలితోనే కాఫీ కప్పు కింద ఆసరా పట్టుకునేవాడు. మొదటి ఏడాది నవంబరు చివర్లో స్కూలు నుంచి ఒక కాగితం వచ్చింది, గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగ తర్వాతి సోమవారం కూడా సెలవు అని. ఏం పండుగ అని ఆయన్నే అడిగాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, 'జింకల సీజన్ మొదటి రోజు' అన్నాడు, ఉగాది అంటే ఏంటని ఎవరైనా అడిగితే మనం చూసే చూపు అది. నిజంగానే స్కూళ్లకి సెలవిచ్చేవాళ్లండీ. పిల్లలు రారు, టీచర్లూ రారు, బస్సు డ్రైవరు అసలే రాడు, ఇంకెందుకు తెరవడం అని. 1963 నుంచి ఆ సోమవారమే తుపాకీతో జింకల వేట మొదలు. ఆరోజు తెల్లారకముందే, ఇంకా చీకటి విడీవిడని వేళ, దూరంగా కొండవైపు నుంచి ఢాం అని ఒకటి, కాసేపాగి ఇంకొకటి వినిపించేవి, దీపావళి మర్నాడు పిల్లలు ఏరుకున్న మిగులు టపాకాయలు కాల్చినట్టు.

ఆ శబ్దం వింటే నాకు మా తాత గుర్తొచ్చేవాడు. మాది గిద్దలూరు వైపు, నల్లమల అంచున పల్లె. తాతకి లైసెన్సు ఉన్న నాటు తుపాకీ ఒకటి ఉండేది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని గోనెపట్టాలో చుట్టి పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి, ఫలితాలు వచ్చాక మళ్లీ తెచ్చుకునేవాడు. నేను పుట్టేటప్పటికే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి అడవిలో వేట మూసేసింది, కాబట్టి నేను చూసింది వేట కాదు, వేట కబుర్లు. వేరుశనగ చేలో అడవిపందులు పడితే గాల్లోకి ఒకటి పేల్చి రావడం తప్ప ఆ తుపాకీకి ఇంకో పని ఉండేది కాదు. అయినా కబుర్లలో మాత్రం చెవులపిల్లులూ, కౌజుపిట్టలూ, ఒకసారి దుప్పీ. ఆ దుప్పి ఏటేటా కాస్త పెద్దదయ్యేది. తాత శనివారం మాత్రం తుపాకీ ముట్టేవాడు కాదట. ఎందుకు తాతా అంటే, 'వెంకన్న సామి వారంరా, ఆ పొద్దు అడివి ఆయనది' అనేవాడు. ఎవరూ రాసిన చట్టం కాదు, జరిమానా లేదు, చూసేవాడూ లేడు.

ఈ సంగతి మా పెద్దాయనకి చెబితే ఎంత సంతోషించాడో. 'చూశావా, మీ తాతకి శనివారం, మాకు ఆదివారం' అని, ఆ తర్వాత ఎవరు కనిపించినా నన్ను చూపించి ఇండియాలో కూడా ఉందట అని చెప్పేవాడు. ఇండియాలో మొత్తానికే వేట నిషేధం అని నేను సవరించబోతే వినేవాడు కాదు.

ఆయన గరాజ్ గురించి చెప్పాలి. డిసెంబరు మొదటి వారంలో అందులో పైకప్పు దూలానికి జింక వెనక కాళ్లతో వేలాడుతూ ఉండేది, చెవికి కాగితం ట్యాగ్, ఎప్పుడు ఎక్కడ కొట్టాడో పెన్నుతో రాసి. కింద అట్టముక్క పరిచి ఉండేది. పక్కనే రేడియోలో ఫుట్‌బాల్ కామెంటరీ. మా ఆవిడ మొదటిసారి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది, 'ఏవండీ, ఇది మనదేశంలో అయితే జైలే కదా' అని గుసగుసగా, ఆయనకి తెలుగు వస్తుందేమో అన్నట్టు. కృష్ణజింక కేసులో హిందీ హీరో కోర్టుల చుట్టూ తిరగడం టీవీలో చూసి చూసి ఉన్న ప్రాణాలు మరి. ఆయన తెల్ల కాగితంలో పొట్లం కట్టి, మీద నల్ల మార్కర్‌తో ఏ ముక్కో, ఏ తేదీ వేటో రాసి ఇచ్చేవాడు. ఆ తేదీ రాయడం ఆయనకొక పట్టింపు. జింక మాంసంలో కొవ్వు ఉండదు, మొదటిసారి మటన్‌లా వండితే చెప్పు తోలులా సాగింది. తర్వాత్తర్వాత రాత్రంతా పెరుగులో నానబెట్టి, కుక్కర్లో ఆరు విజిల్స్ రానిచ్చి, ఆ పైన మిరియాలు దట్టించి వేయించడం పట్టుబడింది. ఆయనకి ఒక డబ్బా పంపితే మూడు గ్లాసుల మంచినీళ్లు తాగి, ఇంకా ఉందా అని అడిగాడు.

ఇక మా ఆదివారాలు. పొద్దున్నే న్యూ కంబర్లాండ్‌లో హరి టెంపుల్, అక్కడే పులిహోర ప్రసాదం, అట్నుంచటే పిల్లల్ని తీసుకుని ఏదో ఒక అడవి. ఈ దేశంలో నాకు దొరికిన గొప్ప సుఖం ఆ నడకే. డాఫిన్ కౌంటీలో స్టోనీ వ్యాలీ అని ఉంది, పాత రైలు పట్టాలు పీకేసిన దారి, రెండుపక్కలా కొండలు, మధ్యలో వాగు, మైళ్లకొద్దీ చదునుగా పోతుంది. అదంతా స్టేట్ గేమ్ ల్యాండ్స్, గేమ్ అంటే ఇక్కడ వేట జంతువులు, వేట లైసెన్సుల డబ్బుతో రాష్ట్ర గేమ్ కమిషన్ వాళ్లు కొని నడిపే అడవి. అలాంటివి రాష్ట్రమంతా కలిపి 15 లక్షల ఎకరాలు. నవంబరు 15 నుంచి డిసెంబరు 15 దాకా అందులో అడుగుపెట్టాలంటే, వేటకి కాకుండా ఊరికే నడవడానికి వచ్చినా సరే, తల మీదా ఒంటి మీదా కలిపి 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు బట్ట ఉండాలి. అప్పట్లో ఒక్క ఆదివారం తప్ప. ఆదివారం తుపాకీ ఉండేది కాదు కదా, ఆ ఒక్కరోజు మామూలు బట్టల్లో వెళ్లగలిగేవాళ్లం.

మా ఆవిడకి ఆ నమ్మకం చాలలేదు. వాల్‌మార్ట్‌లో పిల్లలిద్దరికీ నారింజ చొక్కాలు, టోపీలు కొనుక్కొచ్చి, ఆదివారం కూడా వేసే పంపేది. పిల్లాడూ చిన్నదీ ముందు పరిగెడుతుంటే రోడ్డు పనుల దగ్గర పెట్టే కోన్లు రెండు లేచి నడుస్తున్నట్టు ఉండేది. ఒక నవంబరు ఆదివారం, 2012 అనుకుంటా, దారి మలుపులో ఒక ఆడజింక ముప్పై అడుగుల దూరంలో నిలబడింది. కదల్లేదు. చెవులు మాత్రం ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిప్పింది, ముక్కు తడిగా మెరుస్తోంది, ఊపిరి పొగలా వస్తోంది. మా చిన్నది అప్పటికి నాలుగేళ్లది, జేబులోంచి పులిహోరలో ఏరిపెట్టుకున్న వేరుశనగ గుళ్లు తీసి చెయ్యి చాపింది. జింక దాన్ని చూసింది, నన్ను చూసింది, తోక తెల్లగా లేపి రెండు గంతుల్లో పొదల్లోకి పోయింది. 'డాడీ, దానికి ఇవాళ సండే అని తెలుసా?' అని అడిగింది చిన్నది. తెలుసు అన్నాను.

జింకలకి ఆదివారం తెలుసని మా పెద్దాయన కూడా అనేవాడు, సీరియస్‌గా. దాని మీదే ఆయనకీ కొడుక్కీ రగడ. కొడుకు లారీ మెకానిక్, సోమవారం నుంచి శుక్రవారం దాకా షెడ్డు, శనివారం ఓవర్‌టైం, ఇద్దరు పిల్లలు. 'నాన్నా, నాకున్నది ఒక్క రోజు. ఆ రోజే తాళం. ఒహాయోలో వెళ్లొచ్చు, న్యూయార్క్‌లో వెళ్లొచ్చు, ఇక్కడ లైసెన్సుకి డబ్బు కట్టి ఇంట్లో కూర్చోవాలా?' అనేవాడు. పెద్దాయన ఏమీ భక్తుడు కాదు, చర్చికి ఈస్టరుకీ క్రిస్మస్‌కీ తప్ప వెళ్లడు. అయినా, ఒక్క రోజు వదిలేస్తే ఏం పోయింది, అవీ ఊపిరి పీల్చుకోవాలి కదా, వాటికి తెలుసు ఆదివారం అని అనేవాడు. 'వాటి దగ్గర క్యాలెండర్ ఉందా?' అని కొడుకు. 'నీకంటే ఎక్కువ తెలుసు' అని ఈయన. నేను మధ్యలో వేరుశనగలు నములుతూ కూర్చునేవాడిని. ఏం మాట్లాడతాను, నా స్వార్థం నాది. ఆదివారం అడవి ఖాళీగా ఉండడం నాకు కావాలి, దానికోసం ఎవడి సెలవు పోతుందో నాకు ఆ రోజుల్లో తట్టనేలేదు.

ఆదివారం వేట కావాలా వద్దా అంటే, చాలామంది అనుకుంటారు, వేటగాళ్లంతా ఒకవైపు, జంతుప్రేమికులంతా ఒకవైపు అని. అలా ఉండదు. పెద్దాయన లాంటి పాత వేటగాళ్లు ఎంతోమంది వద్దన్నారు. నడకల క్లబ్బులవాళ్లు, మా లాంటి వాళ్లు, వద్దన్నారు. రైతులది ఇంకో బాధ. మొక్కజొన్న, సోయా చేలల్లో జింకలు పడి తింటాయి, వాళ్లకి జింకలు తగ్గాలి, కానీ ఆదివారం పొద్దున తమ పొలంలో చెప్పాపెట్టకుండా ఎవడో తుపాకీ పట్టుకుని తిరగడం వద్దు. మా ఊళ్లో అడవిపందుల మీద ఒంటికాలిపై లేచే రైతే, అర్ధరాత్రి చేలో టార్చిలైటు కనిపిస్తే పందుల్ని వదిలేసి మనుషుల మీద లేస్తాడు, అదే లెక్క. కావాలన్నవాళ్ల మాట ఏంటంటే, ఒకప్పుడు పది లక్షలు దాటిన లైసెన్సులు తొమ్మిది లక్షల దగ్గరికి పడ్డాయి, పని చేసుకునే కుర్రాడికీ బడికెళ్లే పిల్లాడికీ శనివారం ఒక్కటే మిగిలితే ఈ వేట ఇంకో తరానికి ఉండదని. ఇదీ అబద్ధం కాదు.

జింకలు తగ్గాలనే సంగతి నాకు ఇంకో రకంగా తెలిసొచ్చింది. మా ఫ్రెండ్ ఒకడు కొత్త క్యామ్రీ కొన్న పదకొండో రోజు రాత్రి జింకని గుద్దాడు. బానెట్ మడత పడింది, వీడు వణికిపోతూ పోలీసుకి ఫోన్ చేశాడు. పోలీసు వచ్చి, దెబ్బలేమైనా తగిలాయా అని అడిగి, లేదనగానే, 'మరి జింక నీకు కావాలా?' అన్నాడట. వీడు పుట్టు శాకాహారి. నాకు ఎందుకు సార్ అని చేతులు జోడించాడు. కావాలంటే గేమ్ కమిషన్‌కి 24 గంటల్లోపు చెప్పి తీసుకెళ్లొచ్చు, అదీ పద్ధతి ఇక్కడ. వెనకాల ఆగిన పికప్ ట్రక్కువాడు దిగి, ఆయనకి వద్దైతే నేను తీసుకుంటా అని ఇంటికి పట్టుకుపోయాడు. ఈ కథ మా పాట్‌లక్‌లలో, అంటే తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే విందుల్లో, పదేళ్లు నడిచింది.

2019లో రెండు పిడుగులు ఒకేసారి పడ్డాయి పెద్దాయన మీద. మొదటిది సోమవారం పోయింది. గేమ్ కమిషన్ వాళ్లు సీజన్ ప్రారంభాన్ని థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారానికి జరిపారు. మనకి ఇదేం పెద్ద విషయం అనిపిస్తుంది కానీ, ఆయన ఎంత కుంగిపోయాడో. పైన పాటర్ కౌంటీలో వాళ్ల నాన్న కాలం నాటి చెక్క కొట్టం ఒకటి ఉండేది, వాళ్లు క్యాంప్ అంటారు. గురువారం ఇంట్లో టర్కీ తిని, శుక్రవారం ట్రక్కులెక్కి కొండల్లోకి పోయి, శనాదివారాలు కట్టెలు కొట్టి, పేకాడి, వండుకు తిని, సోమవారం తెల్లారకముందు అడవిలోకి. నలభై ఏళ్లుగా అదే వరస. ఆ పేకాట ఆదివారమే అసలు పండుగ అని, జింక దొరికినా దొరక్కపోయినా ఒకటే అని నాతో రెండు మూడుసార్లు అన్నాడు. శనివారం మొదలైతే ఇంక పేకాటకి టైమెక్కడిది?

రెండోది, ఆ నవంబరులోనే గవర్నర్ టామ్ వుల్ఫ్ ఆదివారం వేట బిల్లు మీద సంతకం చేశాడు. ఏడాదికి మూడే మూడు ఆదివారాలు, ప్రైవేటు పొలంలో అయితే యజమాని రాసిచ్చిన అనుమతి ఉండాలి, దొంగచాటుగా జొరబడితే దానికదే కేసు. 2020 నవంబరు 29, తుపాకీ సీజన్‌లో జింకలకి మొదటి ఆదివారం. కోవిడ్ రోజులు, గుడి మూసి ఉంది, ఎక్కడికీ పోలేక పెరట్లో నిలబడ్డాను. ఎనిమిది దాటాక కొండవైపు నుంచి ఢాం అంది. పెద్దాయన కూడా తన పెరట్లోనే ఉన్నాడు, మాస్కు గడ్డం కిందికి లాగి, చేతిలో కాఫీ. శబ్దం వచ్చిన వైపు చూసి, గడియారం చూసుకుని, లోపలికి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం కొడుకు జింకని వేసుకొచ్చాడు. ఆదివారం కొట్టింది నా గరాజ్‌లో వేలాడదు అన్నాడట ముసలాయన. కొడుకు కిక్కురుమనకుండా దాన్ని ఊరవతల మాంసం కోసిచ్చే కొట్టుకి తీసుకెళ్లి, డబ్బు కట్టి కోయించుకున్నాడు. ఆ ఏడాది మాకు పొట్లం రాలేదు.

2022 ఫిబ్రవరిలో పెద్దాయన పోయాడు, గుండె. అంత్యక్రియలకి వెళ్తే బల్ల మీద ఆయన ఫొటోలు పెట్టారు, సగం వాటిలో నారింజ టోపీ.

మా పిల్లాడు చదువుకి పిట్స్‌బర్గ్ పోయాడు, చిన్నదానికి నాతో నడవడం బోర్. 2025 జూలైలో గవర్నర్ షపీరో కొత్త చట్టం మీద సంతకం పెట్టాడు, పాత నిషేధం మొత్తంగా పోయింది, ఏ ఆదివారాలో ఇంక గేమ్ కమిషనే చెప్తుంది. ఆ సీజన్‌లో సెప్టెంబరు 14 నుంచి డిసెంబరు 7 దాకా వరసగా ఆదివారాలు తెరిచారు. 1873 నుంచి లెక్కేస్తే 152 ఏళ్లు. మెయిన్, మసాచుసెట్స్ రాష్ట్రాల్లో మాత్రం ఇంకా వద్దనే అంటున్నారు. మెయిన్‌లో అయితే, ఆహారం మా హక్కు, ఆదివారం వేటాడి తింటాం అని ఒక జంట కోర్టుకి కూడా ఎక్కి 2024లో ఓడిపోయింది. ఈ వార్త పెద్దాయన వినుంటే ఓ డబ్బా బీరు తెరిచేవాడు.

నాకు కోపం వచ్చిందా అంటే, కాస్త వచ్చింది. తర్వాత పోయింది. మెకానిక్ కొడుకు మాట సబబే అనిపిస్తుంది ఇప్పుడు, ఆ లారీల కింద పడుకుని వారమంతా చేసే పని నేను చెయ్యను కదా, నేను ఏసీలో కూర్చుని బుధవారం కూడా నడకకి పోగలను. కానీ అక్టోబరులో ఒక ఆదివారం స్టోనీ వ్యాలీకి బయల్దేరుతూ, అటకమీంచి పిల్లాడు టెన్త్‌లో వేసుకున్న నారింజ చొక్కా దింపి తొడుక్కుంటే, పొట్ట దగ్గర జిప్పు పడలేదు. అలాగే వెళ్లాను. దారి పొడుగునా ఒక్క తుపాకీ శబ్దం వినపడలేదు, అయినా మాటిమాటికీ ఆగి చెవులు రిక్కించడమే సరిపోయింది. మైలున్నర పోయి వెనక్కొచ్చేశాను.

డిసెంబరు రెండో వారంలో తలుపు కొడితే పెద్దాయన కొడుకు. గరాజ్‌లోనే కోశాను అన్నాడు, నేలవైపు చూస్తూ. వాళ్లమ్మ ఏమీ అనలేదట. చేతిలో తెల్ల కాగితం పొట్లం, మీద నల్ల మార్కర్, అక్షరం మాత్రం తండ్రిది కాదు, తేదీ మాత్రం రాశాడు. నవంబరు 30. మా ఆవిడ ఫోన్లో క్యాలెండర్ తీసి చూసి, నా వైపు చూసింది.

'ఆదివారం కొట్టిందే,' అంది.

'మరి?'

'మరేముంది, పెరుగు తెండి. రేపటికి నానాలి.'